ఒకే రకం రెండు సంచులు

బట్టల ఫ్యాక్టరీలో ఆవిణ్ణి రెండుసార్లమ్మ అంటారు. ఎదురుగా అనరు లెండి, అంత ధైర్యం ఎవరికుంది. ఆవిడ పని చెకింగు. కుట్టు పూర్తయి వచ్చిన చొక్కాని బల్ల మీద పరిచి, కాలరు దగ్గర మొదలుపెట్టి కింది మడత దాకా వేళ్ళతో తడుముతూ వెళ్తుంది. ఎక్కడ ఒక్క కుట్టు జారినా, జేబు వెంట్రుకవాసి పక్కకి పోయినా ఎర్ర బాణం స్టిక్కరు అతికించి వెనక్కి పంపేస్తుంది. అంతా బాగానే ఉంటే ఊరుకోవచ్చు కదా, ఊరుకోదు. అదే చొక్కాని తిప్పి మళ్ళీ మొదట్నుంచీ తడుముతుంది. పద్నాలుగేళ్ళుగా ఇదే వరస. "ఏంటక్కా, మొదటిసారి కళ్ళు మూసుకుని చూశావా?" అని కుట్టేవాళ్ళు ఎకసెక్కాలాడితే, "మొదటిసారి మీ కోసం, రెండోసారి నా కోసం" అనేది.

ఆవిడ లెక్కలో మంచి పని అంటే ఒకటే. రెండు పీసులు పక్కపక్కన పెడితే ఏది ముందు కుట్టారో, ఏది తర్వాత కుట్టారో కుట్టినవాళ్ళకే తెలియకూడదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కొంప ముంచింది అదే.

ఇంట్లో నలుగురు. ఆవిడ, బస్సు డిపోలో మెకానిక్కుగా చేసే మొగుడు, అత్తగారు, తొమ్మిదేళ్ళ కూతురు. పిల్ల ఉన్నచోట ఉండేది కాదు, అందుకని పిచిక అని పిలుచుకునేవాళ్ళు. పిచికకి రెండో ఏట ఎవరో చుట్టం ముద్దుకొద్దీ వేరుశనగ ముద్ద వేలికి రాసి నాకించింది. పది నిమిషాల్లో పిల్ల మొహం ఉబ్బిపోయింది, ఒళ్ళంతా దద్దుర్లు, గొంతులో పిల్లికూతలు. ఆ రోజు ఆస్పత్రి దగ్గరుండబట్టి బతికి బట్టకట్టింది. వేరుశనగ ఈ పిల్లకి విషంతో సమానమనీ, గింజే అక్కర్లేదు, గింజ తగిలిన చెంచా చాలనీ డాక్టరు చెప్పాడు.

ఇక్కడ మనవాళ్ళ మాటతోనే వచ్చింది తంటా. మనం దేన్నైనా 'పడదు' అనేస్తాం. చన్నీళ్ళు పడవు, ఎండ పడదు, తోడికోడలు పడదు. అదే వరసలో మా అమ్మాయికి పల్లీలు పడవంటే వినేవాడికి ఏం ఎక్కుతుంది? "మా మేనల్లుడికీ ఇంతేనమ్మా, కొంచెం కొంచెం పెడుతూ పోతే అలవాటైపోయింది" అని సలహాలిచ్చేవాళ్ళు. ఒళ్ళు మండదూ? పిల్ల ప్రాణం మీద ప్రయోగాలు చెయ్యమనడానికి వీళ్ళెవరు? రెండుసార్లమ్మ మొదట్లో ఓపిగ్గా విడమరిచి చెప్పేది. తర్వాత చెప్పడం మానేసి చుట్టాల ఇళ్ళకి వెళ్ళడమే మానుకుంది. పొగరు అన్నారు. అననీ అంది.

అత్తగారు కూడా మొదట ఆ జట్టులో మనిషే. "మా కాలంలో ఇవన్నీ ఎక్కడ చూశాం" అని మూతి విరిచేది. నాలుగో ఏట పిల్లకి రెండోసారి అలాగే అయ్యింది. ఈసారి ముసలావిడ ఒళ్ళోనే. ఆ రోజుతో ఆవిడ నోరు మూతపడింది. మధ్యాహ్నం గుప్పెడు వేయించిన పల్లీలు తినకపోతే పొద్దుగడవని మనిషి, డబ్బా తీసుకెళ్ళి వీధి చివర ఎవరికో ఇచ్చేసి వచ్చింది. మళ్ళీ ఒక్క గింజ ముట్టలేదు. పైగా కోడలికంటే గట్టి కాపలా అయి కూర్చుంది.

ఆ ఇంట్లోకి ఏ పొట్లం వచ్చినా రెండుసార్లమ్మ దాని వెనకున్న చీమతలకాయంత అక్షరాల్ని చదివేది, మళ్ళీ చదివేది. పోయిన వారం కొన్న బిస్కెట్టే అయినా సరే చదవాల్సిందే. కంపెనీవాడు చెప్పాపెట్టకుండా ఏం మార్చాడో ఎవరికి తెలుసు. పాసైన పొట్లానికి ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన ఆకుపచ్చ దారం కట్టేది. అత్తగారికి చదువు రాదు, ఆ దారమే ఆవిడ చదువు. ఆకుపచ్చ దారం లేనిది పిచిక నోటి దగ్గరికి పోయేది కాదు. బయట మాత్రం పిల్లకి ఒకటే నియమం: పైన కాగితం లేనిది, కాగితం మీద చదవడానికి వీల్లేనిది తినకూడదు. తొమ్మిదేళ్ళు వచ్చేసరికి పిచిక 'వద్దు' అనడంలో ఆరితేరిపోయింది. పుట్టినరోజు కేకు వద్దు, పక్కపిల్ల డబ్బాలో ముద్ద వద్దు, ఐస్‌క్రీము వద్దు. పాపం, ఎన్నిసార్లని అంటుంది.

డాక్టరు ఇంజెక్షన్ పెన్నులు ఇప్పించాడు. మూత తీసి, తొడకి బయటివైపు బట్ట మీదనే గట్టిగా గుచ్చి, పది లెక్కపెట్టాలి. మందు దానంతటదే లోపలికి పోతుంది. ఒకటి బళ్ళో టీచరు బీరువాలో, ఒకటి ఇంట్లో. వాటితోపాటు అలవాటు చేసుకోవడానికని ఇంకో పెన్ను కూడా ఇచ్చాడు. దాన్లో సూదీ లేదు, మందూ లేదు. ఎన్నిసార్లు నొక్కినా టిక్కుమంటుంది, అంతే.

రెండుసార్లమ్మ ఎర్ర మిగులుగుడ్డతో రెండు చిన్న సంచులు కుట్టింది. అసలు పెన్నుకొకటి, ఉత్తుత్తి పెన్నుకొకటి. అదే కొలత, అదే మడత, అంచుకి అదే దారం. పక్కపక్కన పెట్టి చూసుకుని మురిసిపోయింది. అసలుది తలుపు వెనక కొక్కేనికి, ఉత్తుత్తిది బీరువా సొరుగులో.

ప్రతి ఆదివారం పొద్దున్నే ఇంట్లో సాధన. కొక్కెం మీద అసలు సంచి తీసి సొరుగులో పెట్టి, ఆ చోట ఉత్తుత్తి సంచి తగిలించేది. పిచిక మంచం మీద అడ్డంగా పడి నాలుక బయటపెట్టి, కళ్ళు తేలేసి నటించేది. అత్తగారు వంటింట్లోంచి రావాలి, సంచి అందుకోవాలి, మూత తియ్యాలి, గుచ్చాలి. మొగుడు గోడ గడియారం చూస్తూ సెకండ్లు చెప్పేవాడు. మొదట్లో ముసలావిడకి ముప్పావు నిమిషం పట్టేది, చేతులు వణికేవి. "నానమ్మా, నేను చచ్చిపోయి చాలాసేపైంది" అనేది పిచిక. వారం వారం చేసి చేసి ఆవిడ చేతికి ఆ పెన్ను బరువు, నునుపు, ఆ టిక్కు బాగా అలవాటైపోయాయి.

ఒక ఆదివారం పన్నెండు సెకండ్లలో కానిచ్చేసింది. మొగుడు చప్పట్లు కొట్టాడు. పిచిక మంచం మీదే గెంతింది. "ఏమ్మాయ్, మీ ఫ్యాక్టరీలో నాకు ఉద్యోగం ఇప్పిస్తావా?" అంది అత్తగారు. ఆ ఇంట్లో అంత నవ్వు ఎన్నాళ్ళయిందో. నవ్వుతూనే రెండుసార్లమ్మ పెన్నుని సంచిలో పెట్టింది, సంచిని కొక్కేనికి తగిలించింది. మార్చలేదు. రెండోసారి చూసుకోలేదు. జన్మలో ఆ ఒక్కసారి.

బుధవారం నాలుగున్నరకి పిచిక బడి నుంచి వచ్చింది. పక్క వీధిలోనే బడి. దార్లో స్నేహితురాలు చాక్లెట్టు విరిచి సగం చేతిలో పెట్టిందట. కాగితం ఎప్పుడో పారేశారు. "పల్లీలున్నాయా?" అని అడిగిందట పిచిక. "లేవు" అందట ఆ పిల్ల. అడిగింది పాపం, అడగకుండా తినలేదు. తొమ్మిదేళ్ళ పిల్లకి ఒక్కరోజు వద్దనబుద్ధి కాలేదు, అంతకంటే నేరం ఏం చేసింది?

ఇంట్లోకి రాగానే "నానమ్మా, గొంతు పట్టేస్తోంది" అంది. పెదాలు అప్పటికే వాచిపోయాయి. ఆ తర్వాత జరిగింది రెండుసార్లమ్మ కళ్ళతో చూడలేదు, కానీ వందసార్లు విన్నది. అత్తగారు కంగారు పడలేదు. నేర్పింది నేర్పినట్టు చేసింది. సంచి అందుకుంది, మూత తీసింది, గుచ్చింది, టిక్కుమంది, పది లెక్కపెట్టింది. పిల్లని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళ కింద దిండ్లు పెట్టింది. కింది వాటాలో ఫోటో స్టూడియో ఆయన్ని కేకేసి అంబులెన్సుకి ఫోను చేయించింది. "ఆటోలో తీసుకుపోదామా?" అని ఆయన అడిగితే, "వద్దు నాయనా, లేపకూడదన్నారు. మందు పడింది, తగ్గుతుంది" అంది. పిల్ల నుదురు నిమురుతూ అదే మాట అంటూ కూర్చుంది. మందు పడింది తల్లీ, తగ్గుతుంది.

అంబులెన్సు వచ్చేసరికి పాతిక నిమిషాలు. రెండుసార్లమ్మ ఫోను ఫ్యాక్టరీ లాకర్లో మోగుతోంది, మొగుడు బస్సు కింద దూరి ఉన్నాడు. ఇద్దరూ ఆస్పత్రికి చేరేసరికి అయిపోయింది. పిచిక దక్కలేదు. పెన్ను వాడారా అని డాక్టరు అడిగాడు. వాడామన్నారు. ఆయన తల పంకించి, "ఒక్కోసారి సరిగ్గా గుచ్చుకోకపోతే మందు లోపలికి పోదు" అన్నాడు. పెన్ను చూడకుండా చెప్పిన ఆ ఒక్క ముక్క ఇంట్లోకొచ్చి కూర్చుంది.

మూడోరోజు ఊడుస్తుంటే మంచం కింద చీపురుకి పెన్ను తగిలింది. చేతిలోకి తీసుకోగానే రెండుసార్లమ్మకి తెలిసిపోయింది, అయినా సొరుగు లాగింది. సంచి విప్పింది. అసలు పెన్ను, మూత తియ్యని పెన్ను, మందు మందులాగే ఉంది. ఏడుపు రాలేదు. రెండు పెన్నుల్నీ వాటి వాటి సంచుల్లో పెట్టి, సొరుగు లోపలికంటా నెట్టేసింది.

చెబుదామనుకుంది. రేపు చెబుదామనుకుంది. ఈలోగా పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషి ముందూ అత్తగారు చేతులు చాపి చూపించడం మొదలుపెట్టింది. "ఈ చేతులేనమ్మా. వీటిల్లో బలం లేదు. గట్టిగా నొక్కలేకపోయాను." వంటింట్లో నిలబడి కోడలు వినేది. ఒక్క మాట బయటికి రాలేదు. పాపిష్టి పని అని తెలుసు. కానీ నోరు తెరిస్తే ఆ చేతుల మీది మరక తన చేతుల మీదికి వచ్చేస్తుంది, మొగుడు తన మొహం చూడడు. ఇప్పుడు తల్లి మొహం చూడటం లేదు కదా, అలాగే. కంచం ముందు పెట్టినా "నాకొద్దు" అని తల్లికి తగిలేట్టు గోడకి చెప్పి లేచిపోయేవాడు. ముసలావిడ కుక్కిన పేనులా మూల పడి ఉండేది. ఫ్యాక్టరీలో మాత్రం రెండుసార్లమ్మ ఒక్కో చొక్కాని మూడుసార్లు, నాలుగుసార్లు తడుముతోందని, పని సాగడంలేదని సూపర్‌వైజరు గొణుక్కునేవాడు.

అలా ఏడు నెలలు. ఒకరోజు పొద్దున మొగుడు బ్యాగు సర్దడం మొదలుపెట్టాడు. తల్లి చీరలు, మందులు, కళ్ళజోడు పెట్టె.

"అక్క దగ్గర ఉంటుందిలే ఇక" అన్నాడు. "నాకు ఆ చేతులు చూస్తూ ఈ ఇంట్లో ఉండటం కుదరదు."

అత్తగారు చెప్పులు వేసుకుని గడప దగ్గర నిలబడింది. ఆ చెప్పులు చూశాక రెండుసార్లమ్మ ఇక ఆగలేకపోయింది. వెళ్ళి సొరుగు లాగి, రెండు సంచులూ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఏమండీ, వీటిల్లో అసలుది ఏదో చెప్పండి."

ఆయన చూశాడు. ఇటు తిప్పి, అటు తిప్పి చూశాడు. "నాకేం తెలుసు?"

"నాకూ తెలీలేదు" అంది ఆవిడ. "కుట్టింది నేను. ఆ ఆదివారం మార్చకుండా తగిలించిందీ నేనే. అత్తయ్య చేతికి వచ్చింది ఉత్తుత్తిది." సంచి విప్పి అసలు పెన్ను బయట పెట్టింది. మూత మూతలాగే ఉంది.

మొగుడు చేతిలో బ్యాగుతోనే స్టూలు మీద కూలబడ్డాడు. అత్తగారు మెల్లిగా వచ్చి, రెండో సంచిలోంచి ఉత్తుత్తి పెన్ను తీసింది. తన తొడకి ఆనించి నొక్కింది. టిక్కుమంది. అలాగే పట్టుకుని పది లెక్కపెట్టింది.

"అయితే నేను గట్టిగానే నొక్కానన్నమాట" అంది.

"గట్టిగానే నొక్కారు అత్తయ్యా. మీరేం తప్పు చెయ్యలేదు."

ముసలావిడ కోడలి మొహంలోకి చూసింది. "ఈ మాట నీకెప్పుడు తెలిసింది?"

"మూడోరోజు."

"ఏడు నెలల్నుంచీ నేను వచ్చినవాళ్ళందరికీ చేతులు చూపించుకుని ఏడుస్తుంటే, వంటింట్లోంచి వింటూనే ఉన్నావు కదమ్మాయ్."

రెండుసార్లమ్మ తల దించుకుంది. మొగుడు లేచి, బ్యాగు లోపల పెట్టబోయాడు. "ఉండనీ" అంది తల్లి. "ఆటో వస్తుంది." బ్యాగు అతని చేతిలోంచి తీసుకుంది. గడప దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరిగింది.

"వాడికి సరిగ్గా వినపడిందో లేదో. ఇంకోసారి చెప్పు."

రెండుసార్లమ్మ మొగుడి వైపు తిరిగింది. "మీ అమ్మ సరిగ్గానే నొక్కింది. తప్పు నాది" అని రెండోసారి చెప్పింది. అత్తగారు ఆ మాట ఆఖరిదాకా విని, బ్యాగు తనే మోసుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయింది.