ఖాళీ లారీ ఎత్తు

మా బావకి తోటి లారీల వాళ్ళు పెట్టిన పేరు కొలతల మాస్టారు. ఏ మలుపులో ఎంత జాగా ఉందో, ఏ గోడౌన్ గేటు ఎంత వెడల్పో అడక్కుండానే చెప్పేస్తాడు. సొంత లారీ. ఓనరూ తనే, డ్రైవరూ తనే. కోపమొస్తే తిట్టడానికి ఇంకో మనిషి లేడు.

పన్నెండేళ్ళు దూరాలు తోలాడు. పది రోజులకోసారి ఇంటికొచ్చి, గడ్డం గీసుకుని, ఒళ్ళెరక్కుండా నిద్రపోయి మళ్ళీ బయల్దేరేవాడు. మా అక్క, ఆరేళ్ళ పాప ఏమీ అనేవాళ్ళు కాదు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. చివరికి టైల్స్ ఫ్యాక్టరీలో దగ్గర రూటు ఒకటి ఖాళీ అయింది. రోజుకి రెండు ట్రిప్పులు, చీకటి పడేసరికి ఇల్లు. వారం పాటు రెండో లోడుకి నాలుగింటిలోపు గేటు దగ్గరుంటే రూటు నీదేనన్నాడు సూపర్‌వైజర్. ఒక్కరోజు తప్పినా ఇంకొకరికి ఇచ్చేస్తాడట.

ఆరు రోజులు సాఫీగా గడిచాయి; రూటు ఖాయమయ్యేదాకా ఎక్కడ ఆలస్యమవుతుందోనని బావ రాత్రుళ్ళు ఫ్యాక్టరీ దగ్గర లారీలోనే పడుకున్నాడు. ఏడో రోజు ఆ గొప్ప రూటేంటో చూద్దామని నేనూ కేబిన్‌లోకి ఎక్కాను. ఆ రోజే మెయిన్ రోడ్డు పైపుల కోసం తవ్వేశారు. బావ రైలు బ్రిడ్జి కిందుగా పోయే దారి పట్టాడు. లోడుతో, పైన బెత్తెడు సందు మిగలగా దూరిపోయాం.

"చూశావా, కొలతంటే అదీ!" అన్నాడు.

టౌన్లో సరుకు దింపేసి మూడుంపావుకి అదే బ్రిడ్జి దగ్గరికి తిరిగొచ్చాం. పైన కిర్రుమని చప్పుడు. బావ బ్రేకు తొక్కాడు.

దిగి చూస్తే టార్పాలిన్ కట్టే ఇనుప కమ్మీ బ్రిడ్జి దూలానికి రాసుకుంటోంది. బరువు దిగిపోయాక కింద స్ప్రింగుల్లా ఉండే కమాన్ పట్టీలు పైకి లేచి, లారీ పొద్దుటికన్నా ఎత్తయింది. లోకంలో గేట్లన్నీ కొలిచిన మనిషి తన ఖాళీ లారీని లెక్కలోకి తీసుకోలేదు.

"టైర్లలో గాలి తీసెయ్ బావా."

"మళ్ళీ నింపేదెక్కడ? చుట్టూ తిరిగి పోతే గంటన్నర." లారీని కాస్త వెనక్కి తీసి స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు. "మీ అక్కకి ఏం చెప్పను?"

అంత బేలగా ఆయన్నెప్పుడూ చూడలేదు. నా కోపమంతా దిగిపోయింది.

అప్పుడే పక్కనున్న బట్టల ఫ్యాక్టరీలో షిఫ్టు వదిలారు. ఆడవాళ్ళు గుంపుగా వస్తున్నారు. సిగ్గు విడిచి ఎదురెళ్ళాను.

"అక్కా, కాస్త లారీ ఎక్కుతారా? మీ బరువు కావాలి."

నన్ను ఎగాదిగా చూశారు. విషయం చెప్పాక ఒకటే నవ్వులు. ఓ పెద్దావిడ అందరికన్నా ముందు ఎక్కుతూ, "మా ఆయన రోజూ ఎగతాళి చేసే ఒళ్ళు ఇవాళ పనికొచ్చింది," అంది. ముప్పై మంది ఎక్కి ఒత్తుకుని కూర్చున్నారు. బావ అంగుళం అంగుళం పోనిచ్చాడు. నేను కింద నిలబడి పైకి చూస్తున్నాను. వేలెడు సందు కనబడింది. కమ్మీ తగల్లేదు.

వాళ్ళని బస్టాపు దగ్గర దింపి, నాలుగింటికి ఇంకా మూడు నిమిషాలుండగా గేటు చేరాం. సూపర్‌వైజర్ గడియారం చూసుకుని, "సోమవారం నుంచి నీదే," అన్నాడు. సరేనండీ అని బావ లారీని లోడింగుకి పెట్టాడు.

సోమవారం సాయంత్రం ఆరున్నరకే ఇంటికొచ్చాడు. కాళ్ళు కడుక్కుని పాప పక్కన భోజనానికి కూర్చున్నాడు. అక్క గిన్నె మూత తీసి అలాగే నిలబడిపోయింది. అలవాటు కొద్దీ ఇద్దరికే వండింది.

"అయ్యో, మీకు లేదండీ," అని నవ్వబోయి ఏడ్చేసింది.

"ఏం ఫర్వాలేదులే," అన్నాడు బావ. "రేపట్నుంచి ముగ్గురికి వండు."