ఫల్గుణ బావ చేసిన చీరల పెట్టె

ఫల్గుణ బావ ఐటీఐ చదివినవాడు. అరకు బస్టాండు దగ్గర మిక్సీలు, టీవీలు బాగుచేసే కొట్టు ఆయనది. పక్కనే నా కుట్టుమిషను. ఆయన భార్య సోని నాకు వరసకు అక్క. నీటికాసులనే కంటిజబ్బు వచ్చి మూడేళ్ళలో ఆమె రెండు కళ్ళూ పోయాయి. విశాఖపట్నం డాక్టర్లు కూడా చేతులెత్తేశారు.

కళ్ళు పోయినందుకు ఎంత ఏడ్చిందో నేను చూడలేదు గాని, చీరల కోసం మాత్రం నా ముందే ఏడ్చింది. శుక్రవారం సంతకైనా సింగారించుకుని వెళ్ళే మనిషి మరి! "ఏ సీర కట్టుకున్నానో నాకే తెలీదు మాధవీ. రోజూ ఒకల్ని పిలిసి అడగాలి. బతికినన్నాళ్ళూ అడుక్కోడమేటే?" అంది. ఆ మాట బావ విన్నాడు.

నాలుగు నెలలు తిండీ తిప్పలూ మాని ఒక పెట్టెతో కుస్తీ పట్టాడు. ప్రతి చీర కొంగుకీ ఒక తెల్ల బొత్తాం, బొత్తాంలో చిన్న చిప్పు. చీరను పెట్టె దగ్గర పెడితే బావ గొంతే పలుకుతుంది: "ఎర్ర సీర. పండగలకి." ఇంటర్నెట్‌లో చలి ఎంతుందో చూసి, "ఈయేళ మంచు. సెట్టర్ ఏసుకో" అని కూడా చెబుతుంది. మొదటి రోజు సోని అక్క పడీపడీ నవ్వింది. "ఇంట్లో నోరిప్పడు గాని, పెట్టెలో దూరి బాగానే మాటాడతన్నాడే నా మొగుడు!" అంది. ఆరోజు నుంచి ఎవరినీ అడగకుండా తన చీర తనే ఎంచుకుంది. ఆ సంతోషం నేను కళ్ళారా చూశాను.

చెడగొట్టింది కూడా నేనే.

మా వీధిలో చీర ఒక ఇంట్లోనే ఉండదు. పండక్కో పెళ్ళికో ఎవరిది నచ్చితే వాళ్ళది కట్టుకుని, ఉతికి, ఇస్త్రీ చేసి తిరిగిస్తాం. ఏప్రిల్లో గుడ్ ఫ్రైడేకి చర్చికని అక్క తెల్లచీర తెచ్చుకున్నాను. ఆ నెలలోనే మా కొండల్లో చేసుకునే ఇటుకల పండగలో ధింసా ఆడడానికి ఎర్రచీర తెచ్చుకున్నాను. ఇస్త్రీ వేడికి చిప్పులు కాలిపోతాయని రెండు బొత్తాలూ ఊడదీసి ఒకే గిన్నెలో వేశాను. నా బుద్ధి గడ్డి తింది! రెండూ ఒకేలా ఉన్నాయి. ఏది దేనిదో చూసుకోకుండా కుట్టేసి ఇచ్చేశాను.

మే నెలలో అక్క అన్న భీముడు చనిపోయాడు. దినం రోజున ఆడపడుచు తెల్లచీర కట్టి, అన్నను పాతిన చోట మొదటి ముద్ద పెట్టాలి. మా ఊళ్ళల్లో అది పద్ధతి. అక్క పెట్టెను అడిగింది. పెట్టె "తెల్ల సీర" అంది. రెండు చీరలూ ఒకే నేతవి, తడిమితే తేడా తెలియదు. విశాఖపట్నంలో ఏదో కాలేజీ వాళ్ళు ఆ పెట్టెను పోటీకి పిలిచారు. బావ దారంతా వాళ్ళతోనే మాట్లాడుతూ, ఒక చేత్తో ఫోను చెవికి పెట్టుకుని, ఇంకో చేత్తో పెళ్ళాం చెయ్యి పట్టుకుని రెండు మైళ్ళు నడిపించుకొచ్చాడు.

నేను ముందే అక్కడున్నాను. గట్టు మీద ఎర్రచీర కనబడగానే ఏడుపులు ఆగిపోయాయి. బొత్తాలు తారుమారు చేశానని నాకు అప్పుడర్థమైంది. భీముడి పెళ్ళాం లేచి అరిచింది.

"ఎర్రసీర కట్టుకొచ్చావేటి? మీ అన్న సచ్చిపోతే నీకు సంబరమా?"

అక్క కొంగు పట్టుకుని వేళ్ళతో నలిపి చూసుకుంది. "ఎర్రదా?" అని ఒక్క మాట అడిగింది. నేను కప్పుకున్న దుప్పటి తీసి ఆమెకు కప్పాను. అయినా వాళ్ళు ముద్ద పెట్టనివ్వలేదు. పినతండ్రి కూతురు పెట్టింది.

వారం ఆగి, ఇక ఉండబట్టలేక, వాళ్ళింటికి వెళ్ళి నిజం చెప్పేశాను. బావ అక్కడే పెట్టె విప్పి, ఎక్కడ పాడైందో వెతుకుతున్నాడు. అక్క నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"బొత్తాం తప్పు నీదేలే. నానంటే గుడ్డిదాన్ని. రెండు మైళ్ళు సెయ్యట్టుకుని నడిపించినోడికి కళ్ళున్నాయి కదే. ఒక్కపాలి నా ఏపు సూసుంటే మా అన్నకి ముద్ద పెట్టుకుందును."

బావ స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు.

"పెట్టె పోటీకి పట్టుకెళ్ళమను, నాకొద్దు," అంది అక్క నాతో. " కొలతలు తీసుకో మాధవీ. ఆరు జాకెట్లు కుట్టు, అన్నీ తెల్లవే. సీరలూ తెల్లవే కొనుక్కుంటాను. ఏది కట్టినా ఒకటే."

"మొగుడు బతికుండగా ఆ మాటలేటక్కా!" అని భోరుమన్నాను. ఆమె అప్పటికే లేచి, కొలతకు చేతులు చాపి నిలబడింది.

బావ ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. ఇప్పుడు చూసి ఏం లాభమయ్యా అని నోటిదాకా వచ్చింది. అనడానికి నాకు మాత్రం ఏం మొహం ఉంది? టేపు తీసి భుజం కొలిచాను.