కింద దారి ఉంది కదా!

మా ఊరికీ, మేం మిరపకాయల తొడిమలు తీసే కోల్డ్ స్టోరేజీకీ మధ్య హైవే. అవతలికి వెళ్లడానికి రోడ్డు కింద అండర్‌పాస్ కట్టారు, లైటు మాత్రం పెట్టలేదు. పొద్దుగూకితే అక్కడ బైకులు అడ్డం పెట్టుకుని తాగుతుంటారు. పోయిన వేసవిలో వాళ్లలో ఒకడు మా వదిన పైట పట్టుకుని లాగాడు.

"మీ అన్నకి చెప్పమాక, పని మానిపిస్తాడు" అంది వదిన. మర్నాటి నుంచి ఇద్దరం పైనుంచే, డివైడర్ ఎక్కి దాటేవాళ్లం.

ఓ సాయంత్రం ముందు నేను దాటేశాను. వదిన కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని డివైడర్ దిగుతోంది. లారీ హారన్ వినపడి వెనక్కి తిరిగాను. అప్పటికే అంతా అయిపోయింది.

మూగినవాళ్లందరిదీ ఒకటే మాట. "కింద దారి ఉంది కదా, డివైడర్ ఎక్కడమేంటి?" అన్నయ్య కూడా ఏడుస్తూ అదే అడిగాడు.

"మీ ఆడోళ్లని ఒక్కసారి ఆ దారిన పంపి చూడండి!" అని అరిచాను.

నెల తిరక్కుండా డివైడర్ మీద మనిషెత్తు ఇనప గ్రిల్ పెట్టారు, ఇంకెవరూ ఎక్కకుండా. కింద ఒక్క బల్బు పెట్టలేదు. ఇప్పుడు రోజూ ఆ చీకట్లోంచే ఇంటికొస్తున్నాను, ఒక్కదాన్నే.