జీడితోటలో మొదటి కోత

సంతకం పెట్టనన్నానే గానీ తోట వద్దన్నానా? మా చిన్నాన్న మాత్రం ఫ్యామిలీ గ్రూపులో నన్ను ఇంటిదొంగను చేసేశాడు. పలాస అవతల మందస కొండల వైపున్న మా జీడితోట చుట్టూ కొత్త కంచె వేయించి, గేటుకు తాళం పెట్టించాడు. ఆ ఫొటో కింద, కొండ మీది సవర గిరిజనులను ఉద్దేశించి, "సవరోళ్ల బెడద ఒదిలింది" అని రాశాడు. తోట తరతరాలుగా మాదేనని, ఇంకెవరికీ హక్కు లేదని కాగితం కూడా రాయించాడు. నాన్న లేడు కాబట్టి దాని మీద నా సంతకం కావాలి. పాత దస్తావేజు ఏదంటే తుఫానుకు తడిసిపోయిందన్నాడు. అదే పెట్టెలో ఉన్న ఆయన పెళ్లి ఆల్బం మాత్రం ఇప్పటికీ పెళపెళలాడుతోంది.

నేను పెరిగింది విశాఖలో. తోటకు వెళ్లేది వేసవి సెలవులకే, అదీ సిగ్నల్ కోసం చెట్లెక్కడానికే అన్నట్టు. తాత ఉండగా చివరిసారి వెళ్లినప్పుడు, జీడిపళ్ల పులిసిన వాసన మధ్య, కొండ వైపు నుంచి ఒక సవర ముసలమ్మ బుట్టతో వచ్చింది. ఎవరితోనూ ఒక్క మాటనకుండా మొదటి వరుసలో పళ్లు కోయడం మొదలుపెట్టింది. నేను ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, "ఎవరినడిగి కోస్తున్నావు?" అని మీదికెళ్లాను.

"మీ తాతనడుగు, గుంటడా," అని నవ్విందామె.

తాత పరుగున వచ్చాడు. సర్పంచి ముందైనా తియ్యని భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకున్నాడు. "నోర్ముయ్‌రా. ఆయమ్మ కొయ్యందే మనం కొయ్యకూడదు."

"ఎందుకు తాతా?"

"మా అయ్య సెప్పాడు. ఎందుకని నానడగనేదు."

ఒక్క కొబ్బరికాయ రాలితే ఎవరు ఏరుకున్నారో ఊరంతా ఆరా తీసే మనిషి అడగలేదట!

అప్పుడు అదేదో దానమనుకున్నాను. మొన్న గొడవయ్యాక ఆ వీడియో వెతికి చూశాను. చివర్లో ఆమె బుట్టలోంచి ఒక పండు తీసి తాతకిస్తుంది. తాత రెండు చేతులూ పట్టి తీసుకుంటాడు. "ఈ యేటికి కోసుకోండి," అంటుందామె. ఇచ్చింది మేం కాదు, ఆమె.

గ్రూపులో వీడియో పెట్టిన నిమిషానికే చిన్నాన్న ఫోన్ చేశాడు. "ఏటిరా, పిచ్చెక్కిందేటి నీకు? ముందది డిలీట్ సేసీ! ఎవల్దయితే ఏటి, మూడు తరాల్నుంచి మనం తింతన్నాం!"

మూడు తరాల కాలం భూమిని మాది చేసేస్తే, దానికి ముందున్న కాలమంతా ఎవరిదైనట్టు? నేను సంతకం పెట్టకపోవడం తప్పని మీలో ఎవరైనా అనగలరా?