చేపల మనిషి పేరు

బల్ల మీదున్న పుస్తకానికి కొత్త సిరా వాసన ఇంకా పోలేదు. బందరు లైబ్రరీ నుంచి మనవరాలు తెచ్చింది. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని కనక ఒక్కో మాట కింద వేలు పెట్టి చదువుతాను. అందుకే రాసినవాళ్ళు గబగబా దాటేసిన చోట్లు నాకు బాగా కనిపిస్తాయి. ఇప్పటి నవలల్లో బీదవాళ్ళు ఆకలి గురించి ఎంతో చక్కగా మాట్లాడతారు. మా పల్లెలో ఆకలేస్తే ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు, పడుకునేవాళ్ళు.

ఈ పుస్తకం ఒక పెద్దాయన రాసుకున్న చిన్ననాటి ముచ్చట్లు. ఆయనది నాగాయలంక దగ్గర, మాకు తెలిసిన పెద్దిల్లే. కార్తీకమాసం గురించి పది పేజీలు రాశాడు: అరటిదొప్పల్లో దీపాలు, తెల్లారకట్ట చన్నీళ్ళ స్నానాలు, కొత్త ఉసిరికాయ పచ్చడి. అన్నీ నిజమే. ఆ నెలంతా ఆ ఇళ్ళలో నీచు వండరు కనక మా పాకలో చేపల గంప బోర్లించి ఉండేది, మేం గంజిలో ఉప్పుకల్లు వేసుకుని తాగేవాళ్ళం. అదీ నిజమే, కానీ ఆయనకెలా తెలుస్తుంది? చదువుకుంటూ పోయాను.

నలభయ్యో పేజీలో ఆగిపోయాను. ‘చేపల మనిషి ఒకతె వచ్చేది. ఎప్పుడూ నవ్వుతూనే ఉండేది. పేరు గుర్తులేదు.’

ఆ మనిషి మా అమ్మ.

పొద్దున్నే కాళ్ళకి ఉప్పుటేటి బురద ఆరకముందే, తడిగంప నెత్తినెట్టుకుని, నీచునీళ్ళు మెడ మీదుగా కారి రవిక తడిసిపోతుంటే, గట్ల వెంట నడిచేది. వెనక చెంగు పట్టుకుని నేను. ఆ ఇంటి పెరట్లో గంప దించగానే ఇంటావిడ మొదలెట్టేది.

“నిన్న చచ్చిన మట్టగిడసలు ఇచ్చిపోయావు కదే!”

“బతికున్నయ్యి ఇస్తే కూరలో ఈత కొడతయ్యి కదండీ, అమ్మగారూ!”

ఆవిడ పకపకా నవ్వేది. మెట్ల మీద పలక పట్టుకు కూర్చున్న వాళ్ళబ్బాయీ నవ్వేవాడు. ఈ పుస్తకం రాసింది అతనే. ఆ నవ్వుల్లో మా చాటలో ఇంకో దోసెడు వడ్లు పడేవి. సందు మలుపు తిరగ్గానే అమ్మ గంప దించేది, నవ్వు కూడా దించేసేది. రెండు చేతులా తన మెడ పట్టుకుని, “నువ్వూ నవ్వాలే, మొద్దు మొహమా! చూసి ఇంకో గుప్పెడు పోస్తారు” అనేది. నాకు ఆ విద్య రాలేదు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, వానాకాలం జ్వరంలో ఆమె పోయింది.

పుస్తకం మూసి, మనవరాలి నోటుబుక్కులో కాగితం చింపి ఉత్తరం మొదలెట్టాను. ‘అయ్యా, ఆ మనిషికి పేరుంది. ఆమె పేరు’ అన్నదాకా రాసి ఆగాను.

నాన్న ఆమెని “ఇదిగో” అనేవాడు. మేనత్త “వదినా” అనేది. పుట్టిల్లు ఎదురుమొండి కనక పల్లెవాళ్ళంతా “ఎదురుమొండి పిల్ల” అనేవాళ్ళు. నేను అమ్మా అన్నాను. పేరు అడగాలని తోచే వయసు కాదు. తోచేనాటికి నాన్ననీ, మేనత్తనీ, అమ్మ పుట్టింటివాళ్ళనీ, పల్లె మొత్తాన్నీ ఉప్పెన తీసుకుపోయింది. మేం నడిచిన గట్లు ఇప్పుడు రొయ్యల చెరువుల్లో కలిసిపోయాయి. అడగడానికి మనిషి లేడు, చూపించడానికి చోటు లేదు.

ఆ నవ్వు వడ్ల కోసం నవ్వినదనైనా రాద్దామనుకున్నాను. ఆయనకి ఆ నవ్వొక్కటే గుర్తుంది, అదీ తీసేస్తే ఆమె ఆ పేజీలో ఉండదు. కాగితం మడిచేశాను. రేపు పుస్తకం తిరిగిచ్చెయ్యాలి.