నేను నొక్కిన మూడు క్లిక్కులు

లైబ్రరీ మేడం పోయారని గుడుపల్లె నుంచి అంగన్‌వాడీ టీచరమ్మ ఫోన్ చేసింది. "అన్నా, మేడమ్మ ఇంక లేదన్నా. తెల్లారి పుంగనూరులోనే పోయిందంట. నువ్వు వస్తాండావా?" అని, నేను జవాబు చెప్పేలోపే ఏడ్చేసింది. పక్కనే మదనపల్లెలో ఉన్న నాకంటే ముందు, ఎక్కడో కుప్పం దగ్గరున్న ఆమెకు కబురు అందింది. ఎందుకందిందో నాకు తెలుసు. అది చెప్పాలనే ఇది రాస్తున్నాను.

తొంభైల్లో నేను పుంగనూరులో చదువుకునేటప్పుడు మేడం అక్కడి గ్రంథాలయంలో లైబ్రేరియన్. అడిగిన పుస్తకం లేకపోతే ఊరికే పంపేసేవారు కాదు. మదనపల్లె గ్రంథాలయంలో అది ఏ బీరువాలో ఉందో చీటీ రాసిచ్చేవారు. ఎవరిని ఎక్కడికి పంపిందీ ఒక నోటుబుక్కులో రాసుకునేవారు. మళ్ళీ కనబడగానే "పోయినావా? దొరికిందా?" అని అడిగి, పోయామంటే పేరు ఎదురుగా ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టేవారు. ఒకసారి బద్ధకించి వెళ్ళకుండానే వెళ్ళానని చెప్పాను. "ఆ బీరువా ఏం రంగుదప్పా?" అన్నారు. టిక్కు పడలేదు.

ఆమె రిటైరయ్యే నాటికి నేను మదనపల్లెలో నెట్ సెంటర్ నడుపుతున్నాను. తెలుగు బ్లాగులు అప్పుడప్పుడే మొదలవుతున్న రోజులు. మేడం వారానికోసారి బస్సులో వచ్చి, ఒంటి వేలితో టైపు చేసి బ్లాగు రాసేవారు. పదో తరగతితో చదువు ఆగిపోయినవాళ్ళు ఇంకా ఏమేం చదవచ్చో, దానికి ఏ దరఖాస్తు పెట్టాలో రాసి, అడుగున ఆ దరఖాస్తు దొరికే చోటికి లింకు ఇచ్చేవారు. బ్లాగును ఎంతమంది చూశారో నేను గొప్పగా చూపించాను. మేడం అటువైపు సరిగ్గా చూడనైనా లేదు.

"వచ్చినోళ్ళ లెక్క నాకెందుకప్పా? ఈడ్నుంచి యాడికి పోయినారో అది సెప్పు."

కంప్యూటర్లతోనే బతుకుతున్న నాకు ఆ ఆలోచనే రాలేదు. వారం రోజులు తంటాలు పడి ఒక చిన్న పేజీ తయారుచేశాను. లింకు నొక్కితే ముందు ఆ పేజీకి వెళ్ళి, అక్కడ ఒకటి లెక్కపడి, ఆ వెంటనే అసలు చోటు తెరుచుకుంటుంది. మేడం రెండు షరతులు పెట్టారు. "పొయ్యేవాళ్ళకి ఆలస్యం కాగూడదు. వాళ్ళ పేరూ ఊరూ మనకొద్దు. పోయినారా లేదా, అంతే." ఆ లెక్క చూసుకుని అదే నోటుబుక్కులో ఎక్కించుకునేవారు.

మిగతా లింకులన్నిటికీ ఒకటో రెండో క్లిక్కులు పడేవి. బడికి పోకుండానే పది పరీక్ష రాసే ఓపెన్ టెన్త్ గురించి మేడం ప్రాణం పెట్టి రాసినా, ఆ లింకుకు మాత్రం వారం వారం సున్నాయే. ఉద్యోగంలో చేరిన కొత్తలో కుప్పంలో పనిచేశారామె. పది తప్పి, ఇక చదువే లేదనుకుని ఇళ్ళలో ఆగిపోయిన ఆడపిల్లలను అక్కడ చూశారు. ఒక్కరైనా మళ్ళీ పరీక్ష రాయాలని ఆమె పట్టుదల. సున్నా రాసుకునేటప్పుడు ఆ ముఖం చూడలేకపోయాను. ఒకరోజు జాలిపడి, ఆ లింకును నేనే మూడుసార్లు నొక్కాను.

నా ఘనకార్యం ఫలితం చూడండి. మేడం ముఖం వెలిగిపోయింది. ఆ లింకు నొక్కినవాళ్ళకు దరఖాస్తు నింపడంలో సాయం చేస్తానని, శనివారాలు కుప్పం గ్రంథాలయంలో ఉంటానని అక్కడికక్కడే బ్లాగులో రాసేశారు. మోకాళ్ళ నొప్పులతో మొదటి బస్సుకు బయల్దేరి, పలమనేరులో బస్సు మారి, కుప్పం గ్రంథాలయంలో బెంచీ మీద దరఖాస్తులు పెట్టుకుని కూర్చున్నారు. అలా మూడు శనివారాలు. ఎవరూ రాలేదు.

ఇక ఉండబట్టలేక చెప్పేశాను. "మేడం, ఆ మూడూ నేనే నొక్కినా."

ఆమె నోటుబుక్కు తీసి, మూడును ఎర్ర పెన్నుతో కొట్టేసి, కింద సున్నా రాశారు. "జాలిపడి లెక్క మార్సగూడదప్పా. సున్నా పడితే నేను ఇంకా బాగా రాయల్లని నాకు తెలుస్తాది. నువ్వు అదీ తెలీకుండా సేస్తివి." నోటుబుక్కు మూసి, "శనివారం మొదటి బస్సుకే పోవల్ల" అన్నారు.

"ఇంకా యాల పోయేది మేడం? ఎవరూ లేరు గదా."

"వస్తానని రాసినా గదా. నువ్వు నొక్కింది అబద్ధం. నేను రాసింది అబద్ధం కాగూడదు."

నాలుగో శనివారం సిగ్గుతో నేనూ వెంట వెళ్ళాను. మధ్యాహ్నం దాటాక, చంకలో బిడ్డతో ఒకామె గడప దగ్గర నిలబడింది. బ్లాగు అంటే ఏమిటో ఆమెకు తెలియదు. మేడం వారం వారం వచ్చి ఉత్తినే కూర్చోవడం చూసిన అక్కడి అటెండరు తన ఊరు గుడుపల్లెలో చెప్పాడట.

"టెన్త్ తప్పినోళ్ళ కోసరం ఎవురో మేడమ్మ వచ్చి కూసుంటాండాదంట. నిజమేనా?"

"నిజమే తల్లీ, రా" అని మేడం బెంచీ మీద పక్కకు జరిగారు. ఏ లెక్కకూ అందని మనిషి ఆ బెంచీ దాకా ఎలా వచ్చిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నాకు ఫోన్ చేసిన టీచరమ్మ ఈమే. ఆ తర్వాత పక్క ఊళ్ళ నుంచి మరికొందరిని వెంటబెట్టుకొచ్చిందీ ఆమే. వాళ్ళంతా మొన్న పుంగనూరులో మేడం ఇంటి ముందు నిలబడి ఏడ్చారు.

మేడం చెల్లెలు ఆ నోటుబుక్కు నా చేతిలో పెట్టారు. కొట్టేసిన మూడూ, దాని కింద సున్నా అలాగే ఉన్నాయి. నాలుగో శనివారం ఎదురుగా "ఒకరు. క్లిక్కు లేదు. నడిచి వచ్చింది" అని ఉంది. దాని కింద, పాత చీటీల పద్ధతిలోనే, ఇంకో వరుసలో నా పేరు, పక్కన "కుప్పం" అని రాసి ఉంది.

ఎదురుగా ఎర్ర టిక్కు.