అందరూ మూడో రోజుకే!

కిందటేడు మా బందరు చర్చిలో మూడు రోజుల మహిళా సదస్సు జరిగింది. వెబ్‌సైట్‌లో టికెట్లమ్మే ప్లగిన్ పెట్టింది నేనే. ఏ రోజుకి ఆ రోజు టికెట్. మొత్తం తొమ్మిది వందల టికెట్లూ అమ్ముడైపోతే పొంగిపోయాను.

తీరా మొదటి రోజు చూస్తే, మూడు వందల మంది పట్టే హాల్లో పదకొండు మందే ఉన్నారు.

"జనం ఏరమ్మా?" అన్నారు పాస్టరమ్మగారు.

ఫోన్లో జాబితా తెరిచేసరికి సంగతి తెలిసింది. రోజుకి మూడు వందల టికెట్లని పెట్టాల్సింది, మూడు రోజులకీ కలిపి తొమ్మిది వందలని పెట్టేశాను. దాదాపు అందరూ మూడో రోజుకే కొనేశారు!

"ప్రేమవిందు ఆ రోజే కదమ్మా! బిర్యానీ మానుకుని ఇవాళెవరొస్తారు? రేపూ విందు ఉందని అందరికీ మెసేజ్ పెట్టు" అన్నారావిడ.

మెసేజ్ పెడదామని జాబితా మొదటికి వెళ్లాను. ప్లగిన్ పనిచేస్తుందో లేదోనని అందరికంటే ముందు నేను కొన్న టికెట్ కనిపించింది.

అదీ మూడో రోజుదే!